గాలిగాడూ గొంగడీ

కళ్ళు మూసుకో తల్లీ. నా కాళ్ళు పీకుతున్నాయి, ఈ ఒక్క కథే చెబుతాను.

అనగనగా ఒక గుట్ట. ఆ గుట్ట కింది ఊళ్ళో మా అమ్మమ్మ వాళ్ళ తాత బీరయ్య, ఆయన భార్య లింగవ్వ. వాళ్ళకో గొర్రెల మంద. తోడేళ్ళు గొర్రెపిల్లల్ని ఎత్తుకుపోతుంటే, మల్లన్నకి మొక్కుకుని ఒక కుక్కపిల్లని తెచ్చుకున్నారు. ఒక్కచోట నిలిచేవాడు కాదు. అందుకే గాలిగాడని పిలిచారు.

బీరయ్య గొంగడి భుజాన వేసుకుంటే చాలు, వాడు వాకిట్లో ఉండేవాడు. ఆయనకి మురిపెం. పొద్దంతా మంద వెనక ఉరికించాడు, గుట్ట ఎక్కించాడు. అప్పుడు గాలిగాడి ముందుకాలు వాచింది.

"ఏందయ్యా, పాలపండ్లన్న ఊడలే, గప్పుడే గుట్టెక్కిస్తవా? నీ బిడ్డనైతే గిట్లనే ఉరికిస్తవా?" అంది లింగవ్వ.

ఆ తర్వాత బీరయ్య వాణ్ణి కాసేపు ఆడనిచ్చి, మిగతా దారంతా గొంగడి మడతలో వేసుకుని మోసేవాడు. ఎముక ముదిరేదాకా అంతే.

ఆ తర్వాత గాలిగాడు పెద్దవాడయ్యాడు. ఒక ఏడు ముసురు పట్టింది. మంద దొడ్డి దాటలేదు. బీరయ్యకి జ్వరం. గాలిగాణ్ణి గుంజకి కట్టేశారు. అప్పుడు వాడు గుంజ చుట్టూ గుంత తవ్వాడు, లింగవ్వ చెప్పులు నమిలాడు, ఒకటే అరుపు.

"పిచ్చి లేసినట్టుంది, ఊరవతల ఇడిసిపెట్టి రారాదా" అన్నారు వాడకట్టు వాళ్ళు.

లింగవ్వ అప్పటికే అలిసిపోయి ఉంది. అయినా కొంగు బిగించి, వానలోనే వాణ్ణి వాగు దాకా ఉరికించుకొచ్చింది. పొద్దునా అంతే, మాపటికీ అంతే. వాడు నెమ్మదించాడు.

"పిచ్చి కాదు, పాడు కాదు. కాళ్ళకు పని లేక" అంది ఆయాసపడుతూ.

ఆ తర్వాత గాలిగాడు ముసలివాడయ్యాడు. మూతి నెరిసింది. లేస్తే వెనక కాళ్ళు వణికేవి. బీరయ్యకి జాలేసింది. పడ్డ కష్టం చాల్లే అని వాణ్ణి కట్టేసి, జొన్న గటక పెట్టి, మందతో వెళ్ళిపోయాడు.

గాలిగాడు గటక ముట్టలేదు. మర్నాడూ ముట్టలేదు. ఆ తర్వాత తలే ఎత్తలేదు.

లింగవ్వ వాడి పక్కన కూలబడింది. "నా మోకాళ్ళు గూడ పట్టేసినయ్. నన్ను గూడ కట్టేస్తవా?" అంది.

అప్పుడు బీరయ్య మందని పెద్దకొడుక్కి అప్పగించాడు. తాడు విప్పి, గొంగడి భుజాన వేసుకున్నాడు. గాలిగాడి చెవి కదిలింది. తోక కదిలింది. మెల్లగా లేచాడు.

బీరయ్య, లింగవ్వ, గాలిగాడు, ముగ్గురూ వాగు దాకా కూడా పోలేదు. ఊరి చివర కంచె దాకా నడిచి, కూర్చుని, దూరాన మేస్తున్న మందని చూశారు. తిరిగొస్తుంటే గాలిగాడు ఆగిపోయాడు. బీరయ్య గొంగడి పరిచి, "రా బిడ్డా" అన్నాడు. ఎత్తబోతే ఆయన కాళ్ళూ వణికాయి. రెండో కొస లింగవ్వ పట్టుకుంది.

ఇంటికొచ్చాక వాడు గటక గిన్నె నాకేశాడు.

ఆ తర్వాతా? రోజూ అంతే నడిచారు తల్లీ, నడవగలిగినన్నాళ్ళు. ఇక మల్లన్నకి దణ్ణం పెట్టుకో.

కథ కంచికి,
కాళ్ళు మంచానికి,
గాలిగాడు గొంగట్లోకి,
నా తల్లి దుప్పట్లోకి.