మాట తప్పింది, వెళ్లు

మంచు కాలంలో నల్లగుట్ట కింద కుందేళ్ల అవస్థ చూడాలి. పొద్దెక్కినా పక్కనున్నవాళ్ల చెవులు కనబడవు. అందుకే వాటికో కట్టుబాటు ఉంది. మంచులో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మనవాళ్లే, వెళ్లొచ్చు. బయటివాళ్లకు పేర్లెలా తెలుస్తాయి చెప్పండి?

బొరియ వాకిట్లో ఈటెలయ్య అనే ముళ్లపంది కాపలా. ముళ్లు నిక్కబొడుచుకుని, బయటికి వీపు పెట్టి కూర్చుంటాడు. వచ్చినవాళ్లు తమ పేరూ, గుర్తుమాటా చెప్పాలి. రెండూ కుదిరితేనే పక్కకు జరుగుతాడు. మహా నిక్కచ్చి! మర్యాద మాత్రం, పాపం, కాస్త ఎక్కువ.

ఓ ఉదయం మంచులోంచి ఒక సన్నటి గొంతు వచ్చింది.

"నేను మల్లిని మామా. గుర్తుమాట చిలగడదుంప. జరుగు."

"ఆ పేరుగలవాళ్లు ఇక్కడ లేరమ్మా."

"పోనీ, గురివిందను."

"లేరు తల్లీ."

"తుమ్మిని."

"తుమ్మి మాట అది కాదే! మాట తప్పింది, వెళ్లు."

"అయితే వెంపలిని."

"మాట తప్పింది, వెళ్లు."

గొంతు మెల్లగా నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఒక్క గొంతుకు ఇన్ని పేర్లేమిటని ఆ మహానుభావుడికి తోచనే లేదు.

మర్నాడు మేతకెళ్లిన తుమ్మిని ఎవరో మంచులోంచి పిలిచారు. "తుమ్మీ, ఇటు రావే! కాల్లో ముల్లు దిగింది." తుమ్మి వెళ్లింది. మళ్లీ రాలేదు.

మూడోనాడు అదే గొంతు తుమ్మి చెల్లెలు వెంపలిని పిలిచింది. తల్లి ఉత్తరేణి కూతురి మెడ పళ్లతో పట్టుకుని బొరియలోకి ఈడ్చుకొచ్చింది.

"ఈటెలన్నా, నా బిడ్డల పేర్లు ఎవరికి చెప్పావు?"

"ఒట్టు, ఎవరికీ చెప్పలేదు! మాట తప్పినవాళ్లను ఒక్కరినీ రానివ్వలేదు."

"మరి ఏమని పంపేశావు?"

చెప్పాడు. ఉత్తరేణికి ఏడుపు ఆగలేదు.

"లేని పేరుకు లేరన్నావు. ఉన్న పేరుకు మాట తప్పిందన్నావు. నా పిల్లల పేర్లు ఏరి మరీ చేతికిచ్చావు కదన్నా!"

ఈటెలయ్య ముళ్లు వాలిపోయాయి.

"ఇకమీదట ఎవరు ఏ పేరు చెప్పినా ఒకటే జవాబు. ఒకే గొంతు. జవాబు చెప్పేముందు ఆగడం కూడా ప్రతిసారీ అంతే సేపు ఆగాలి," అంది ఉత్తరేణి.

మర్నాడు ఆ గొంతుగలవాడు మళ్లీ వచ్చాడు. డొంకయ్య అనే గుంటనక్క.

"మల్లిని మామా. గుర్తుమాట చిలగడదుంప."

"మాట తప్పింది, వెళ్లు."

మొన్న లేదన్న మల్లి ఇవాళ ఎక్కణ్నుంచి ఊడిపడింది?

"గురివిందను."

"మాట తప్పింది, వెళ్లు."

నక్క మూతి నాక్కున్నాడు. "తుమ్మిని."

"మాట తప్పింది, వెళ్లు."

తుమ్మి లోపలెలా ఉంటుంది? ఎముకలు గుట్ట వెనక పారేసింది తనే కదా! ఉండబట్టలేక ఈసారి తన పేరే గుసగుసగా చెప్పి చూశాడు.

"డొంకయ్యను."

అంతే సేపు ఆగి, అదే గొంతు పలికింది. "మాట తప్పింది, వెళ్లు."

తన పేరు లోపలికెలా చేరింది? అసలు ఆ చీకట్లో ఎవరెవరున్నారు? నక్క నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక్కసారిగా పరుగు లంకించుకున్నాడు. మళ్లీ ఆ గుట్ట ఛాయలకు రాలేదు.

వెంపలి బతికింది. ఉత్తరేణి మాత్రం మంచు కురిసిన ప్రతి ఉదయం వాకిట్లో చేరి, తుమ్మి పేరు చెప్పే గొంతు కోసం చెవులు రిక్కించి కూర్చునేది.

నీతి: వాకిలి ఎంత గట్టిగా మూసినా, లోపల ఎవరున్నారో మన జవాబే చెప్పేస్తే కాపలా దండగ.