బానెట్ మీద నెమలీక

చింతలమెట్ట జమీందారుగారి పాత కారుకి మూడు నెలల్లో మూడు స్టార్టర్ మోటార్లు కాలిపోయాయి. "ఇంకొక్కటి కాలిందంటే నీ ఉద్యోగం ఊడినట్టే!" అని ఆయన డ్రైవరు గవరయ్య మీద విరుచుకుపడ్డారు. పాపం గవరయ్య వెళ్లి మెకానిక్ సైదులు కాళ్లావేళ్లా పడ్డాడు.

సైదులు నాలుగో మోటారు బిగించి, పక్కన నిలబడి చూశాడు. కారు స్టార్ట్ చేసే సరదా జమీందారుగారిదే. ఇంజన్ అందుకున్నా ఆయన స్టార్టర్ మీట వదలడం లేదు; మోటారు కాలేది అందుకే. చప్పుడు వినపడితే కదా వదలడానికి! ఆ మాట ఆయన మొహాన అనగల మొనగాడు జమీ మొత్తంలో లేడు.

సైదులు బానెట్ కొసన ఒక నెమలీక నిలబెట్టి, గట్టిగా అన్నాడు: "దొరా, ఇకనుంచి బండి మీకు దణ్ణం పెడుతుంది. ఈక ఊగగానే మీట వదిలేసి, ఆ దణ్ణం అందుకోండి."

ఏడాది తిరిగినా మోటారు కాలలేదు. గవరయ్య రోజూ పొద్దున్నే ఆ ఈకని కళ్లకద్దుకుని గానీ కారు తుడిచేవాడు కాదు.

ఒకరోజు జమీందారుగారు సైదుల్ని పక్కకి పిలిచి, తన ఉంగరం తీసి అతని వేలికి తొడిగారు. గేటు దగ్గరున్న గవరయ్యకి కూడా వినపడేంత గుసగుసగా అన్నారు:

"నలుగురిలో నా పరువు కాపాడావురా. అలాంటి ఈక ఇంకోటి ఉందా? అమ్మగారు పిలిచినప్పుడు ఊగేది కావాలి."