ఆకుకొక వరహా

వెనకటికి కడలిపురం రాజ్యాన్ని ప్రతాపసేనుడనే రాజు ఏలేవాడు. ఆయనకు తన తెలివి మీదా, తాను చేసిన శాసనాల మీదా మహా గురి.

ఎవరైనా కొత్త వంగడం పుట్టిస్తే, ఇరవై ఏళ్ల పాటు ఆ విత్తనం మీద హక్కు వాళ్లదేనని ఆయన రాగిరేకు మీద రాయించి ఇచ్చేవాడు. అయితే ఆ విత్తనం గుట్టంతా తాటాకుల మీద రాయించి సభకు సమర్పించాలి. ఎంతటి గుట్టునైనా అ, త, గ, స అనే నాలుగే అక్షరాలతో రాసే విద్య ఆ రాజ్యపు పండితులకు తెలుసు. అక్షరాలు నాలుగే గానీ, రాస్తూ పోతే అంతుండేది కాదు. అందుకని రాజుగారు రుసుము పెట్టారు. మొదటి ముప్పై ఆకులు ఉచితం, ఆపైన ఆకుకొక వరహా.

సూరాలమ్మ అనే రైతు పన్నెండేళ్లు పాటుపడి ఉప్పునేలలో పండే వరిని పుట్టించింది. దాని గుట్టు ఎనిమిది వందల ముప్పై ఆకులైంది.

"ఎనిమిది వందల వరహాలు కట్టు" అన్నాడు రాజు.

"ఇల్లూ ఎడ్లూ అమ్మినా వంద రావు దొరా! హక్కు లేకపోతే షావుకార్లు నా విత్తనం పట్టుకుపోయి తమదంటారు" అని సూరాలమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది.

రాజు మీసం దువ్వాడు. "ప్రతి అక్షరమూ మా పండితులు చదవాలి. ఆ శ్రమకే రుసుము. చదవని ఆకుకు నేను చిల్లికాసు ముట్టను!"

ఆస్థానంలో గుర్వన్న అనే చమత్కారి ఉన్నాడు. అతను లేచి చేతులు కట్టుకున్నాడు.

"ఎంత ధర్మమైన మాట ప్రభూ! చదివిన ఆకులకు రుసుము నేను కడతాను. ఏలినవారి ఎదుటే చదివించండి. ముద్ర వేసేది తమరే కదా, తమరు వినకుంటే ఎలా?"

సభ ముందు కాదంటే పరువు పోతుంది. రాజు సరేనన్నాడు.

ఆస్థాన పండితుడు సోమయాజి మొదలుపెట్టాడు. "అ త త గ, స గ అ అ, త గ గ స..."

జాము గడిచింది. మంత్రి గురక పెట్టాడు. "గ గ త అ, స స త గ..." వంటశాల నుంచి నేతి గారెల వాసన వచ్చింది. రాజు సింహాసనం మీద అటూ ఇటూ కదిలాడు.

"ఎన్ని ఆకులయ్యాయయ్యా?"

"పదకొండు ప్రభూ!"

"చాలు, ఆపండి! ముద్ర వేసేస్తాను."

"మరి రుసుము?" అన్నాడు గుర్వన్న. "చదివినవి పదకొండే. ముప్పై దాకా ఉచితమని తమ శాసనం. చదవని ఆకుకు కాసు ముట్టనన్నది తమ మాట."

రాజు పండితుడి వైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ వేలకు వేల ఆకులు ఎలా చదివారయ్యా?"

సోమయాజి తల దించుకున్నాడు. "చదవలేదు ప్రభూ. తక్కెడలో పెట్టి తూచేవాళ్లం."

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆకుల రుసుము ఆ క్షణమే రద్దు చేశాడు. సూరాలమ్మకు రాగిరేకు ఇప్పించి, తన భుజం మీది జరీ శాలువా తీసి గుర్వన్నకు కప్పాడు.

సభంతా నవ్వుతుండగా సోమయాజి గొంతు సవరించుకున్నాడు. "ప్రభూ, పన్నెండో ఆకు..."

రాజుగారు అప్పటికే భోజనశాల గుమ్మం దాటారు.