బూడిద భిక్ష

అచలానందస్వామి వారికి ఒక అలవాటు ఉంది. ప్రశ్న అడిగిన శిష్యుడికి ముందు ఏదో ఒక పని చెబుతారు. జవాబు ఆ తర్వాత వస్తుంది, ఒక్కోసారి రాదు.

పాలకొండ దగ్గరి ఆశ్రమంలో ఒక ఉదయం శరభయ్య అనే శిష్యుడు అడిగాడు: "స్వామీ, వస్తువు మీద మమకారం వదిలేశాక దానితో నాకింకా సంబంధం ఏముంటుంది?"

"ముందు స్నానం చేసిరా," అన్నారు స్వామి.

అంతకు ముందురోజే భజనమందిరంలో శ్రుతిపెట్టె మూగబోయింది. శరభయ్య దాని సెల్లులు తీసి ఎండలో పెట్టాడు, పంటితో కొరికాడు, లాభం లేకపోయేసరికి నీళ్ళపొయ్యి పక్కనున్న కొబ్బరిపీచు బుట్టలోకి విసిరేసి మరిచిపోయాడు.

ఆ పీచునే ఇప్పుడు స్నానాల నీళ్ళకి వంటమనిషి పైడమ్మ పొయ్యిలో పెట్టింది. నీళ్ళు ఇంకా కాగలేదు, ఢామ్మని పేలింది. కాగు మీది మూత ఎగిరిపడి గచ్చు మీద గిరగిరా తిరిగింది. పక్కనే పళ్ళు తోముకుంటున్న శరభయ్య తువ్వాలుతో, నోట్లో నురగతో, మందిరం దాకా పరుగెత్తాడు. అందరూ నవ్వారు. స్వామి అందరికంటే ఎక్కువ నవ్వారు.

పైడమ్మ మాత్రం నవ్వలేదు. ఆమె చిక్కుడుపాదు పూత మీదుంది, పేనుబంక పట్టింది. వారంగా పొయ్యిలో పోగైన బూడిద ఆ పూటే చల్లాలి. వచ్చే నెల కోడలి సీమంతానికి మొదటి కాతతో కూర వండుతానని ఊరంతా చెప్పుకుంది. పుల్లతో కెలికి, పగిలిన సెల్లు డొక్కలు బయటికి లాగింది.

"సెల్లు మందు కలిసిన బూడిద తినే కాయకి సల్లమంటావేటి, బాబూ?"

స్వామి ఒక బుట్ట తెచ్చి శరభయ్య చేతికిచ్చారు. "భిక్షకు వెళ్ళు. బూడిద అడుగు."

ఊరికి ఆ పూట మంచి కాలక్షేపమైంది. "అన్నం అడిగే స్వాముల్ని చూశాం గానీ బూడిద అడిగే స్వామిని ఇదే చూడడం!" అన్నారు ఆడవాళ్ళు. "మీ పొయ్యిలో సెల్లులేమైనా పడ్డాయా తల్లీ?" అని అతను ప్రతి గుమ్మంలోనూ అడిగాడు. కొందరు నాలిక కరుచుకున్నారు. ఆ ప్రశ్న అతనికంటే ముందే నడిచింది. తర్వాతి వీధికి వెళ్ళేసరికి జనం టార్చిలైటువి, రిమోటువి, గోడగడియారానివి, పిల్లల బొమ్మలవి పాత సెల్లులు పట్టుకుని అరుగుల మీద నిలబడి ఉన్నారు.

"ఎక్కడ పారెయ్యాలో తెలీక అటక మీద పడేశాం. ఎలాగూ వచ్చారు, పట్టుకెళ్ళండి స్వామీ!"

మధ్యాహ్నానికి శరభయ్య తిరిగొచ్చాడు. తలమీద బూడిద బుట్ట, భుజాన నిండిన జోలె, కనుబొమలు కూడా తెల్లగా.

పైడమ్మ అప్పుడు నవ్వింది. "ఇబూది పెట్టుకుంటారు గానీ తానమే సేసొచ్చినావా బాబూ!" అంటూ బుట్ట అందుకుని, పాదు పొడుగునా బూడిద చల్లుతూ పాట ఎత్తుకుంది.

శరభయ్య జోలె దించబోయి ఆగాడు. చుట్టూ చూశాడు. ఒకపక్క పాదు, ఒకపక్క పొయ్యి, వెనక బావి.

"స్వామీ, వీటిని ఎక్కడ వదలను?"

"పొద్దున నువ్వడిగింది ఇదే కదా, నాయనా," అన్నారు స్వామి. "అప్పుడు నీ చేతులు ఖాళీగా ఉన్నాయి."