ముప్పై ఏడో గచ్చకాయ

గోదావరి ఒడ్డున సింగన భట్టుగారి దగ్గర గణితం నేర్చుకోవాలంటే ముందు బుట్టలో దోసిలి ముంచాలి. దోసిట్లోకి ఎన్ని గచ్చకాయలొస్తే ఆ శిష్యుడికి అదే సంఖ్య. ఏడాదిపాటు దానితోనే కాపురం. ఏడాది తిరిగాక ఇసుక అరుగు మీద ఆ కాయల్ని వెలితీ మిగులూ లేకుండా పేర్చి చూపించాలి. చూపించలేనివాడు మూట సర్దుకుని ఊరికి పోవాలి.

వరుసల్లోనే పేర్చాలని ఆయన ఎన్నడూ అనలేదు. ముందొచ్చినవాళ్లు అలా పేర్చారు, వెనకొచ్చినవాళ్లు అదే పట్టుకున్నారు.

కాచనకు ముప్పై ఏడు వచ్చాయి.

ఖర్మ కాకపోతే ఏమిటి! రెండేసి పేర్చినా ఒకటి మిగిలేది. మూడేసి పెట్టినా ఒకటే, నాలుగేసి పెట్టినా ఒకటే. ఐదేసి పెడితే రెండు. ఆరేసి పెడితే మళ్లీ ఆ పాడు ఒక్కటి. తోటి శిష్యుడు పేరయ సంఖ్య ముప్పై ఆరు, దాదాపు ఎటు తిప్పినా చక్కగా వరుస కట్టేది.

"నీ పంక్తిలో ఎప్పుడూ ఒకడికి విస్తరి ఉండదు రా!" అని పేరయ నవ్వేవాడు.

కాచనకు ఏడుపొచ్చేది. ఈ చదువు కోసం మూడు రోజులు నడిచి వచ్చాడు వాడు. ఇంకేదీ అక్కర్లేదు వాడికి.

చూపించాల్సిన రోజు తెల్లవారగానే మూట కట్టి గుమ్మం పక్కన పెట్టుకున్నాడు. తీరా అరుగు దగ్గరికొచ్చాక పాడుబుద్ధి పుట్టింది. ఒక కాయ తీసి పంచె ముడిలో దోపాడు. మిగిలినవి ఆరేసి చొప్పున ఆరు వరుసలు పేర్చి, తల వంచుకు నిలబడ్డాడు.

సింగన భట్టుగారు చూశారు. లెక్కపెట్టలేదు. ఆయనకు లెక్కపెట్టాల్సిన పనేముంది!

వరుసలన్నీ చేత్తో చెరిపేశారు. ఇసుకలో బొటనవేలితో చిన్న గుంట నొక్కి, దాన్ని అలాగే వదిలేశారు. గుంట చుట్టూ ఆరు కాయలు పెట్టారు. ఒకదాన్నొకటి ఆనుకుని సరిగ్గా సరిపోయాయి. వాటి చుట్టూ పన్నెండు. ఆ చుట్టూ పద్దెనిమిది. ఆరు వైపులా అంచులు గీత గీసినట్టు తేలాయి.

"అబ్బ!" అన్నాడు పేరయ. "కానీ అయ్యవారూ, నడుమ ఖాళీగా ఉందే?"

"ముప్పై ఆరైతే ఇంతే నాయనా."

కాచన పంచె ముడి విప్పి, దాచిన కాయ తీసి గుంటలో పెట్టాడు. ఒక్క సందు లేదు.

"తప్పయిపోయింది అయ్యవారూ," అన్నాడు.

సింగన భట్టుగారు బుట్ట వాడి ముందుకు జరిపారు.

"ఇంకో చుట్టు వెయ్యాలి. ఎన్ని కావాలి?"

కాచన ముక్కు తుడుచుకుని అరుగు వైపు చూశాడు. ఆరు, పన్నెండు, పద్దెనిమిది.

"ఇరవై నాలుగు."

"తీసుకో మరి. ముందు వెళ్లి ఆ మూట విప్పి రా."