బీరపాదులో దురదగొండి

విశాలమ్మగారు, ఎవరేం అడిగినా, వెంటనే బదులు చెప్పేవారు కాదు. ముందు ఏదో ఒక పని పురమాయించేవారు. నాగావళి ఒడ్డున ఉన్న ఆవిడ ఆశ్రమానికి వచ్చిన నాలుగు నెలలకు గాని తవిటమ్మ నోరు విప్పలేదు. అంతవరకూ అందరూ తిన్నాక తినడం, అందరికీ ఎడంగా చాప పరుచుకోవడం.

"అమ్మగారూ, గొడ్రాలి చెయ్యి తగిలితే పాదు కాయదని మా ఆడపడుచు ఒకనాడు అంది. ఆవిడ పోయి ఏడేళ్లయింది. మాట పోలేదు. దాన్నెలా పీకెయ్యాలి?"

ఆ మాట విన్న నాటినుంచి తవిటమ్మ ఒక్క విత్తనం ముట్టుకుంటే ఒట్టు.

"నూతి పక్కన బీరపాదుంది. ఇవాళ్టినుంచి అది నీది. ముందు కలుపు తియ్యి" అన్నారు విశాలమ్మగారు.

కొత్తచెయ్యి. ఏది మొక్కో ఏది కలుపో తెలియడానికే పూట పట్టింది. బీరతీగలను పెనవేసుకుని, రంపపుపళ్ల ఆకులతో, ఒళ్లంతా నూగుతో ఇంకో తీగ కనబడింది. అది కలుపని పోల్చుకుంది గాని దురదగొండి అని ఎరగదు. కొంగు చేతికి చుట్టుకుని లాగడం మొదలెట్టింది.

నూతి దగ్గర నీళ్లు తోడుతున్న ఆశ్రమం మనిషి ఎర్నమ్మ నవ్వింది. "ఏటే తవిటమ్మా, మొక్కల్ని కూడా మడికట్టుకుని ముట్టుకుంటన్నావేటి?"

తవిటమ్మ ఇంకో తీగ లాగింది. తన చెయ్యి బీరతీగకు తగలకూడదనే ఆ కొంగు. ఆ సంగతి చెప్పుకోవడానికి ఎవరున్నారు? కళ్లు నిండాయి. అదే కొంగుతో తుడుచుకుంది.

మరుక్షణం మొహం నిప్పులు పోసినట్టు మండింది. కేక విని విశాలమ్మగారు పరుగున వచ్చి ఆమె చేతులు పట్టేసుకున్నారు.

"రుద్దకు! రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది."

కళ్లలో చెంబులకొద్దీ నీళ్లు ధారగా పోశారు. నూగు అంటుకొచ్చేలా తడి గోధుమపిండి ముద్దను చెంపలకు అద్ది అద్ది తీశారు. కోక మార్పించారు. మంట తగ్గాక గోనెగుడ్డ రెండు మడతలు వేసి చేతికి చుట్టి, మన్ను తడిపి, మొదలు దగ్గర గునపంతో పెళ్లగించి వేరుతో ఎలా తియ్యాలో చూపించారు. "కాల్చకు, పొగ కూడా మంటే. దూరంగా గొయ్యి తీసి పాతెయ్యి."

పొద్దు వాలేసరికి పాదు శుభ్రపడింది. ఒక బీరతీగ మాత్రం ఆసరా లేక నేలన పడి ఉంది.

"దాన్ని పందిరికి ఎక్కించు" అన్నారు విశాలమ్మగారు.

తవిటమ్మ గోనెగుడ్డ సర్దుకోబోయింది. ఆవిడ దాన్ని విప్పి తీసేసుకున్నారు. "ఇది కలుపుకి."

వట్టి చెయ్యి తీగ మీద గాలిలోనే ఆగిపోయింది.

"వాడిపోతేనో, అమ్మగారూ?"

"వాడితే నీళ్లు పోద్దాం."