ధ్రువాల మీది పొట్టి గుమ్మాలు

ఒకప్పుడు భూదేవి ఇంటికి గోడా లేదు, గుమ్మమూ లేదు. ఆకాశమార్గాన పోయే ప్రతివాడూ నేరుగా ఆమె ముంగిట్లోకి వచ్చి నిలిచేవాడు.

ఆమెకున్న సిరి ఒక్కటే. ఒంటినిండా కప్పుకున్న నీలి గాలిచేలం. ఆ చేలం చాటునే సముద్రాలు చల్లగా ఉండేవి, చేపపిల్లలు ఆడుకునేవి, నాచుమొక్కలు పచ్చబడేవి.

సూర్యుడు భూదేవికి అన్న. ఆ అన్నకొడుకు చండవేగుడు, తండ్రి ఒంటి నుంచి పుట్టిన నిప్పుగాలి. ఇంటిపట్టున నిలవడు. గ్రహాల ఇళ్ళన్నీ చుట్టబెడుతూ, చేతికందినది ఊడబెరుక్కుపోతూ ఉంటాడు.

ఒకనాడు భూదేవి కొడుకు అంగారకుడు ఏడుస్తూ కబురంపాడు. "అమ్మా! చండవేగుడు బావ ఆటకని వచ్చి నా గాలిచేలం లాక్కుపోయాడు. నా నదులన్నీ ఎండిపోయాయి. రేపు నీ ఇంటికే వస్తాడట!"

భూదేవి తన చేలాన్ని గట్టిగా చుట్టుకుంది. తన గర్భంలో, కరిగిన ఇనుము సుడులు తిరిగే చోట ఉండే కూతురు లోహితను పిలిచింది.

"బెంగపడకమ్మా! నా దగ్గర దారముంది" అంది లోహిత.

అయస్కాంతం సూదిని లాగుతుంది, చూశారా? ఆ లాగే శక్తే లోహిత వడికే దారం. అది కంటికి కనబడదు, తెంపితే తెగదు. దక్షిణ ధ్రువం దగ్గర పోగును బయటికి తీసి, ఆకాశంలో విల్లులా వంచి, ఉత్తర ధ్రువం దగ్గర లోపలికి దించింది. పోగు పక్కన పోగు పరుచుకుంటూ పోయింది. తల్లి చుట్టూ గొప్ప కవచం నిలిచింది.

కాని పోగులన్నీ కూడే ఆ రెండు ధ్రువాల మీద ముడి పడలేదు. ముందువరుస పోగులు సూర్యుడి వైపు వంగాయి. వెనుకవరుసవి వెనక్కి వాలాయి. రెండు చోట్లా నడుమ గరాటులాంటి సందు మిగిలింది.

"ఇటు లాగితే అటు జారుతోందమ్మా! నా పరువు పోయింది!" అని లోహిత కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

భూదేవి ఆ సందును నిమిరి నవ్వింది. "పిచ్చితల్లీ, గుమ్మం లేని గోడ చెరసాల అవుతుంది. మేనల్లుణ్ణి వీధిలోంచే పంపడం మన ఇంట ఉందా? సిగ్గుపడి దాన్ని దాచకు. ముగ్గు పెట్టు."

మరునాటి మధ్యాహ్నం చండవేగుడు తన నిప్పురవ్వల పరివారంతో హోరుమంటూ వచ్చి కవచాన్ని ఢీకొన్నాడు. కవచం కాస్త లోపలికి నొక్కుకుంది, కాని చిరగలేదు. అతడి పరివారమంతా అటూ ఇటూ జారిపోయింది.

"అత్తా! ఇదేం మర్యాద? మేనల్లుణ్ణి బయట నిలబెడతావా?"

"గుమ్మం పైన ఉంది బావా!" అంది లోపలి నుంచి లోహిత. "కాస్త పొట్టిది. తల వంచితే దూరగలవు."

"తల వంచడమా? నేను సూర్యుడి కొడుకుని!"

"అయితే అక్కడే ఉండు. మీ నాన్నగారి ఎండ బాగానే కాస్తోంది!"

చండవేగుడు మండిపడ్డాడు. ఉన్న బలమంతా పెట్టి తోశాడు. గుమ్మాలు ధ్రువాల దగ్గర నుంచి కొంచెం భూమి నడుము వైపు జరిగాయి గాని విశాలం కాలేదు. చివరికి అలిసి, భుజాలు ముడిచి, తల వంచి, ఆ గరాటులోకి అడుగుపెట్టాడు.

ఎదురుగా భూదేవి నిలిచి ఉంది. "రా నాయనా. ముందు కాళ్ళు కడుక్కో" అని తన గాలిచేలపు అంచును అతడి పాదాల ముందు పరిచింది.

పాదం తాకగానే అతడి నిప్పంతా వెలుగై కరిగింది. ఆకాశమంతా పారాణిలా ఎర్రబడింది. చేలం లాక్కోవడానికి చాచిన చెయ్యి అలాగే నిలిచిపోయింది.

"అత్తా! ఈ అందం నా పాదాల కింద పుట్టిందా?"

"చేలం నీ చంకలో ఉంటే పుట్టేదా, నాయనా?"

చండవేగుడు చెయ్యి దించుకున్నాడు. లోహిత తల ఎత్తుకుంది. సూర్యుడి కొడుకు తల వంచిన చోటు లోకాల్లో అదొక్కటే మరి, తాను ముడి వెయ్యలేక ఏడ్చిన చోటు.

అప్పటినుంచే భూమి ధ్రువాల మీద ఆ రెండు పొట్టి గుమ్మాలు నిలిచి ఉన్నాయి. నిప్పుగాలి విజృంభిస్తే భూమి నడుము వైపు జరుగుతాయి, శాంతిస్తే తమ చోటికి చేరుతాయి. సూర్యుడు పొడవని ధ్రువాల శీతకాలంలో, మిట్టమధ్యాహ్నపు చీకట్లో ఆకాశం ధ్రువకాంతుల పారాణి పూసుకుంటుంది. భూదేవి చేలం మాత్రం నేటికీ ఆమె ఒంటిమీదే ఉంది. ఈ కథ వింటూ మీరు పీల్చిన ఊపిరి దానిలోదే.